పాత మూనీ విమానం ల్యాండింగ్ గేర్ రబ్బర్ డిస్కులు: ఇప్పుడే మార్చాలా, ఇంకొన్నాళ్లు ఆగొచ్చా?

నీలిరెక్క:
నమస్కారం అండీ. మాది 1966 మోడల్ మూనీ ఎం20ఇ, గేర్ (చక్రాల కాళ్లు) చేత్తో ఎత్తే జాన్సన్ బార్ అనే లీవర్ రకం. కొంతకాలంగా ట్యాక్సీ చేస్తుంటే, అంటే నేల మీద నడుపుతుంటే, చిన్న గతుకు కూడా నేరుగా సీటుకు కొడుతోంది, పార్క్ చేసి దూరం నుంచి చూస్తే ఎడమ రెక్క కాస్త కిందికి ఉన్నట్టు అనిపిస్తోంది. టార్చ్ వేసి చూశాను. మెయిన్ గేర్‌లో కుదుపు ఆపే రబ్బర్ డిస్కులు పక్కలకు ఉబ్బి ఉన్నాయి, అంచుల చుట్టూ సన్నని పగుళ్లు, పైన మెరుపు పోయి బూడిద రంగుకు తిరిగాయి. రబ్బర్ మీద అచ్చయిన తేదీ 1990ల నాటిది. యాన్యువల్ (ఏటా జరిగే తనిఖీ) దగ్గరపడింది. ఒక మెకానిక్ ఇంకో ఏడాది లాగొచ్చంటున్నారు, ఇంకొకరు పదకొండూ (రెండు మెయిన్ కాళ్లకు నాలుగేసి, ముక్కు కాలికి మూడు) ఒకేసారి తీసేయమంటున్నారు. వాలింది ఎడమవైపు కాబట్టి అక్కడి నాలుగు మాత్రమే మారిస్తే చాలదా? ఇది ఓనర్ సొంతంగా చేసుకోగల పనేనా?

స్పానర్‌బాబు:
రెక్క వాలిందని డిస్కుల్ని అప్పుడే తప్పుపట్టకండి. రెండు ట్యాంకుల్లో ఇంధనం సమానంగా ఉందా, టైర్లలో గాలి సరిగ్గా ఉందా, బండి నిలబెట్టిన చోటు మట్టంగా ఉందా, ముందు ఈ మూడూ చూడండి. మూనీలో ఇంధనమంతా రెక్కల్లోనే కాబట్టి ఒకవైపు ట్యాంకు నుంచే వాడుకుంటూ వచ్చి దిగితే మంచి డిస్కులున్న విమానం కూడా వాలుతుంది.

తర్వాత కొలత. రెండు ట్యాంకులూ నింపి, చక్రాల మీద బరువు ఉండగానే, డిస్కుల దొంతర పైనుండే రిటైనర్ ప్లేటుకీ దాని కింది కాలర్‌కీ మధ్య ఖాళీ ఎంతుందో ఫీలర్ గేజ్‌తోనో డ్రిల్ బిట్ వెనక వైపుతోనో చూడండి. నాకు తెలిసిన పరిమితి 0.60 అంగుళాలు, అది దాటితే మార్చాల్సిందే. మీ మోడల్ మాన్యువల్లో ఏముందో అదే ఫైనల్. ఖాళీ ఎందుకొస్తుందంటే రబ్బర్ ఏళ్ల తరబడి బరువు కింద నలిగి మళ్లీ పూర్తి ఎత్తుకు రాదు, కొత్త డిస్కు ఎత్తూ పాతదాని ఎత్తూ పక్కపక్కన పెడితే తేడా కంటికే కనిపిస్తుంది.

చలిలో కొలిస్తే లెక్క తప్పుతుంది. చల్లటి రబ్బర్ గట్టిపడి చాలా నెమ్మదిగా తిరిగొస్తుంది. అలాగే జాక్ మీదకు ఎత్తగానే చూసి 'అస్సలు సాగలేదు' అనుకోవద్దు, కాసేపు వదిలేసి అప్పుడు చూడండి.

'ఇంకో ఏడాది' మాట నాకు నచ్చలేదు. ఈ గేర్‌లో ఆయిల్ లేదు, నైట్రోజన్ లేదు, స్ప్రింగూ డ్యాంపరూ రెండూ ఆ రబ్బరే. అది రాయిలా మారాక దిగిన ప్రతిసారీ ఆ దెబ్బ గేర్ కాలు మీదుగా స్పార్‌కు (రెక్క లోపలి ప్రధాన దూలం), రెక్క స్కిన్‌కు (పైరేకు) పోతుంది. మూనీ ట్యాంకులు విడిగా పెట్టిన సంచులు కావు, రెక్క లోపలి గదినే సీలెంట్‌తో మూసి చేసినవి. ఆ సీలెంట్ పాతబడ్డాక ఇలాంటి కుదుపులకు ఇంధనం కారి అక్కడక్కడ నీలం మరకలు మొదలవుతాయి. ట్యాంకు రీసీల్ (సీలెంట్ మళ్లీ వేయడం) ఎంత పెద్ద పనో చేయించినవాళ్లకు తెలుసు, దాని ముందు పదకొండు డిస్కులు ఏపాటి?

టెయిల్‌విండ్:
ఎడమవైపు మాత్రమే మార్చే ఆలోచన మానుకోండి. ఒకవైపు కొత్తవి మెత్తగా ఎత్తుగా, రెండోవైపు పాతవి గట్టిగా పొట్టిగా ఉంటే ఇప్పుడున్న వాలు కాస్తా రెండోవైపుకు మారుతుంది. ఒకే దొంతరలో పాతా కొత్తా కలపడం అంతకంటే పొరపాటు, భారం అన్నింటి మీదా ఒకటే అయినా నలుగుడంతా మెత్తనివాటికే ఎక్కువై అవి తొందరగా అణిగిపోతాయి.

నోస్ గేర్‌ని (ముక్కు కింది కాలు) జనం మర్చిపోతారు. అక్కడున్న మూడు అణిగితే ముక్కు దిగుతుంది, ప్రొపెల్లర్ చివరకూ నేలకూ మధ్య దూరం తగ్గుతుంది. మూనీలో ఆ దూరం అసలే ఎక్కువ కాదు. గతుకుల ట్యాక్సీవే మీద బ్రేక్ గట్టిగా పడిందనుకోండి, ప్రాప్ తగిలితే ఇంజన్ విప్పి చూడాల్సి వస్తుంది. డిస్కులు విప్పినప్పుడే నోస్ గేర్ ట్రస్ (ఆ కాలి గొట్టాల చట్రం) ట్యూబుల మీద వేలు జార్చి చూడండి. టో బార్‌తో (విమానాన్ని నేల మీద లాగే కడ్డీ) పరిమితి దాటి తిప్పినప్పుడు అక్కడ సొట్టలు పడతాయి, గ్రీజూ దుమ్మూ ఉంటే కంటికి కనబడవు, వేలికి మాత్రం తెలుస్తాయి.

నీలిరెక్క:
ట్యాంకులు నింపి, టైర్లు సరిచూసి, మట్టమైన నేల మీద కొలిచాను. ఎడమవైపు ఖాళీ పరిమితి దాటింది. కుడివైపు సరిగ్గా అంచున ఉంది. పదకొండూ మార్చేస్తాను, అందులో ఇక సందేహం లేదు. డిస్కుల్ని నొక్కే టూల్ అద్దెకు దొరుకుతుందంటున్నారు, పొడవాటి థ్రెడ్ రాడ్, రెండు ప్లేట్లతో సొంతంగా చేసుకున్నవాళ్లూ ఉన్నారట. ఏది మేలు?

స్పానర్‌బాబు:
రాడ్ సంగతి తర్వాత, ముందు ప్రమాదం సంగతి చెప్తాను. జాక్ మీద చక్రం గాల్లో వేలాడుతున్నా ఆ దొంతరలో బిగువు ఉంటుంది, ఎందుకంటే డిస్కుల్ని నొక్కి పట్టే బిగిస్తారు. టూల్‌తో బిగువు తీసుకోకుండా ఫాస్టెనర్ వదులు చేస్తే అది ఎగిరి మొహానికో చేతికో తగులుతుంది. కొత్తవి పెట్టేటప్పుడు ఇంకా ఎక్కువ నొక్కాలి, అవి పూర్తి ఎత్తులో ఉంటాయి కదా. అందుకే ఈ పని కోసమే చేసిన టూల్ వాడండి, దాని వెంట వచ్చే సూచనలు చదవండి, నొక్కే దిశలో తల పెట్టకండి. విమానాన్ని జాక్ పాయింట్ల మీదే ఎత్తాలి, తోకకు తగినంత బరువు కట్టాలి.

నూనె, గ్రీజు, పెట్రోలియం స్ప్రే ఏదీ రబ్బర్‌కు తగలనివ్వొద్దు. జారడానికి ఏదైనా కావాలంటే సబ్బు నీళ్లు చాలు.

ఓనర్ చేయొచ్చా అన్నారు. అమెరికా రిజిస్ట్రేషన్ అయితే అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధనల పార్ట్ 43 అపెండిక్స్ ఎ లో పైలట్-ఓనర్ చేసుకోగల పనుల జాబితా ఉంది. అందులో ఎలాస్టిక్ షాక్ కార్డులు మార్చడం ఉంది కానీ అది పైపర్ కబ్ లాంటి చిన్న విమానాల్లోని బంజీ (సాగే) తాళ్ల గురించి. ముడుచుకునే గేర్‌లో డిస్కులు మార్చడాన్ని ఆ వాక్యం కిందికి లాగడం నాకు సరికాదనిపిస్తుంది. మెకానిక్ పర్యవేక్షణలో మీరు చేయి వేయండి, సంతకం ఆయన చేస్తారు.

అసలు పని డిస్కులు ఎక్కించాక మొదలవుతుంది. కాలు ఇప్పుడు పాతదానికంటే పొడుగ్గా వేలాడుతుంది. జాక్ మీదే గేర్ చాలాసార్లు ఎత్తి దించి, చక్రం ముడుచుకునే గూటిలో ఎక్కడా రాసుకోవడం లేదని, తలుపులు సరిగ్గా మూసుకుంటున్నాయని చూడాలి. ఓవర్‌సెంటర్ లింకుల (కాలు మడవకుండా పట్టి ఉంచే కడ్డీలు) ప్రీలోడ్‌ని, అంటే ముందే ఉండే బిగువుని, మాన్యువల్లో చెప్పిన టూల్‌తో, చెప్పిన విలువకే చూడాలి. గేర్ కిందికి లాక్ అయి ఉండేది ఆ లింకుల వల్లే, 'చేత్తో కదిపితే గట్టిగానే ఉంది' అంటే కుదరదు. మీది జాన్సన్ బార్ అయినా ఇది తప్పదు.

టెయిల్‌విండ్:
ఒక్క మాట కలుపుతాను. డిస్కులు చేతికొచ్చిన వెంటనే ప్రతిదాని మీదా అచ్చు తేదీ చూడండి, షెల్ఫ్ మీద ఏళ్లు గడిచిన సరుకైతే తిప్పి పంపండి. ఎక్కించే లోపు టైమ్ ఉంటే చీకటిగా, చల్లగా ఉండే చోట, ఎలక్ట్రిక్ మోటార్లకు దూరంగా పెట్టండి, వాటి నుంచి వచ్చే ఓజోన్ రబ్బర్‌ను పగలగొడుతుంది. మార్చాక ఆ అచ్చు తేదీలు కూడా లాగ్‌బుక్‌లో రాయించండి.

నీలిరెక్క:
రాయిస్తానండీ. టూల్ అద్దెకే తీసుకుంటున్నాను, ప్రీలోడ్ టూల్ మా మెకానిక్ దగ్గరుందట. నోస్ ట్రస్ కూడా కడిగి ఆయనతోనే చూపిస్తాను.