తాతయ్య సువేగాకి రంగు వేయించాలా, ఉన్నది ఉన్నట్టు ఉంచాలా?

మదనపల్లె_మనవడు:
అందరికీ నమస్తే. పాత ఇల్లు పడగొడుతుంటే పశువుల కొట్టంలో గోనెసంచుల కింద తాతయ్య పాత పెడల్ మోపెడ్, సువేగా దొరికింది. బండి పుస్తకం ట్రంకుపెట్టెలోనే ఉంది, 1972 రిజిస్ట్రేషన్, పాత మూడక్షరాల నంబరు. ఇంజిన్ పట్టేసింది, ఎడమ పెడల్ లేదు, కుడిది వంకర, సీటు ఎలుకలు తిన్నాయి. నీలం రంగు మాత్రం సగానికి పైగా మిగిలే ఉంది. తాతయ్య పాలు పోసేవాడు కాబట్టి వెనక క్యారియర్‌కి రెండు పక్కలా క్యాన్లు రాసుకుని రంగు పోయి ఇనుము నున్నగా తేలింది. చిన్నాన్న ఏమో పౌడర్ కోటింగ్ కొట్టిద్దాం, పెళ్ళికొడుకులా ఉంటుంది అంటాడు. నాన్న మాత్రం ఆ క్యారియర్‌ని ముట్టుకోవద్దన్నాడు, కారణం చెప్పలేదు. ఏం చేయమంటారు?

రెండు_స్ట్రోకుల_రాజా:
రంగు గోల తర్వాత బ్రదర్, ముందు ఇంజిన్ సంగతి చూడు. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి రెండు రోజులు వదిలెయ్, తర్వాత చేత్తో మెల్లగా తిప్పు, రాలేదని సుత్తి మాత్రం ఎత్తకు. తిరిగితే మ్యాగ్నెటో (ప్లగ్గుకి కరెంటు పుట్టించే భాగం) విప్పి లోపల స్పార్కు ఇప్పించే పాయింట్లు శుభ్రం చేయించు. క్రాంక్ షాఫ్ట్ చుట్టూ ఉండే రబ్బరు ఆయిల్ సీళ్ళు ఇన్నేళ్ళకి రాయిలా గట్టిపడి ఉంటాయి, వాటిని మార్చకుండా నడిపితే అక్కడినుంచి గాలి లాగుతుంది, గాలిలో పెట్రోల్ వంతు తగ్గి వేడెక్కి పిస్టన్ మళ్ళీ పట్టేస్తుంది. నా చేత్తో ఒక ఇంజిన్ ఇలాగే పోగొట్టుకున్నా. టైర్లు, బ్రేక్ షూలు, కేబుళ్ళు, బెల్టు, పెట్రోల్ పైపు మార్చాల్సిందే, అందులో ఒరిజినాలిటీ వెతక్కు. ఇప్పటి ఇథనాల్ పెట్రోల్‌కి ఆ పాత రబ్బరు అసలు ఆగదు. కానీ తీసిన ప్రతి ముక్కనీ, పనికిరాని వాషర్‌తో సహా, కవర్లో వేసి చీటీ రాసి దాచు. కొత్తది సరిపోనప్పుడు కొలతకి ఆ పాతదే దిక్కు.

వెలిసిన_నీలం:
పౌడర్ కోటింగ్ వద్దు గాక వద్దు. మా బండిని నేనే పాడుచేశాను కాబట్టి చెప్తున్నా. ఆ షాపులో ముందు ఇసుక కొట్టి పాత రంగంతా లేపేశారు, తర్వాత పొడి చల్లి ఓవెన్లో కాల్చారు. మెరుపు అదిరింది. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్తే ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్దారు, ఒక్క అంకె కూడా అచ్చు పడలేదు, గుంతలన్నీ కోటింగ్‌తో పూడిపోయాయి. దాన్ని మళ్ళీ గీకించడానికి పట్టిన తిప్పలు ఇక్కడ రాస్తే రాత్రవుతుంది. ట్యాంకు మీద కంపెనీ పేరు అక్షరాలు కూడా పోయాయి. తర్వాత స్టిక్కర్ కొట్టించాను గానీ చూసినప్పుడల్లా నకిలీ నోటులా అనిపిస్తుంది.
నీ బండికి షాంపూ నీళ్ళు, మెత్తని గుడ్డ చాలు. జిడ్డు ఉన్నచోట కిరసనాయిలు, అదీ ముందు కనపడని మూల పరీక్షించి. థిన్నర్ దగ్గరికి కూడా రానివ్వకు. క్రోమ్ మీద తుప్పుకి వంటింట్లో అల్యూమినియం కాగితం తడిపి రుద్దు. రంగు పోయిన క్యారియర్‌కి పల్చగా మైనం పట్టించు, అంతే.

విశాఖ_ఉప్పుగాలి:
మీరంతా తుప్పుకి పూజ చేస్తున్నారు. మా ఇల్లు బీచికి దగ్గర, ఒరిజినల్ అని పాత టీవీఎస్ 50ని అలాగే వదిలితే మడ్‌గార్డు లోపలినుంచి తినేసి బిస్కెట్టులా విరిగింది. లోహం పలచబడే చోట రంగు వేయక తప్పదు. కాకపోతే బండి మొత్తం కాదు, ఆ ముక్క వరకే, పాత రంగుకి కలిపించి మామూలు స్ప్రేతో. అయినా మదనపల్లెలో గాలి పొడి కదా, నీకు ఈ బాధ తక్కువ.

పాత_పుస్తకం:
ఒక మాట. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్ కింద వీఏ సిరీస్‌లో రిజిస్టర్ చేసుకోవచ్చు. ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉంటే పాత నంబరే ఉంచుకోవచ్చు. అయితే అలా చేశాక రోజూ పాలు పోయడానికి వాడకూడదు. వేరే రంగు వేస్తే పుస్తకంలో మార్పించుకోవాలి, అదో తిరుగుడు.
ఇంకోటి, చాలామందికి తెలీదు, సువేగా మన తిరుపతి బండే. ఫ్రాన్స్ మోటోబెకాన్ సహకారంతో మోపెడ్స్ ఇండియా వాళ్ళు అక్కడే చేసేవాళ్ళు. బయటి దేశాల్లో మోబిలెట్ పేరుతో తిరిగే బండికి ఇది చుట్టం. అందుకే సీళ్ళు, పాయింట్లు దొరక్కపోతే మోబిలెట్ పేరుతో వెతుకు. కొనేముందు మాత్రం పాతదానితో కొలిచి చూసుకో.

మదనపల్లె_మనవడు:
అందరికీ థాంక్స్. రెండు రోజులనుకున్నది నాలుగు రోజులు నానబెట్టాక ఇంజిన్ తిరిగింది! హెడ్‌లైట్ రింగు అమ్మ చింతపండుతో తోమేసింది, నేను ఆపేలోపే అయిపోయింది, చూస్తే బాగానే ఉంది. చిన్నాన్న ఇంకా పౌడర్ అంటున్నాడు, ఆ పెన్సిల్ కథ చదివి వినిపించా, కాస్త మెత్తబడ్డాడు. ఎడమ పెడల్ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. వంకరగా ఉన్నా పర్లేదు, కుడిదానికి జతవుతుంది.