ఊరు మునిగిన నవలల్లో ఇల్లు ఎందుకు కనిపించదు?

వనస్థలిపురం_పాఠకుడు:
1981లో శ్రీశైలం డ్యామ్ కింద 100 ఊళ్ల దాకా మునిగాయి కదా, మా అమ్మమ్మది వాటిలో ఒకటి. ఇప్పుడు ఇక్కడ మూడో అంతస్తులో మాతోనే ఉంటోంది. పొద్దున్నే కారిడార్‌లో రెండు టైల్స్ మేర చాక్‌పీసుతో ముగ్గేస్తుంది, తొమ్మిదింటికి ఊడ్చే ఆవిడ తుడిచేస్తుంది, మర్నాడు మళ్లీ అదే. మా గుమ్మం ఉత్తరానికి, అయినా ఆమెకు అది "తూర్పు వాకిలి"యే. ఎండాకాలం నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడిందని టీవీలో చూపిస్తే, "ఉండు, మన ఇల్లు కూడా చూపిస్తారేమో" అని ఛానెల్ మార్చనివ్వదు. ఈ మధ్య నిర్వాసితుల మీద, వలసల మీద వరసగా నవలలు చదివాను. పోరాటం ఉంది, నష్టపరిహారం గొడవ ఉంది, ఇలాంటి వాకిలి మాత్రం దొరకలేదు. నేనే సరిగ్గా చదవట్లేదా?

అబిడ్స్_ఆదివారం:
మీరు రాసిందే సగం కథ, దాచుకోండి. దేశవిభజన మీద ఉర్దూ రచయిత మంటో రాసిన కథ 'టోబా టేక్ సింగ్' చదివారా? లాహోర్ పిచ్చాసుపత్రిలో ఉన్న బిషన్ సింగ్‌కు ఇండియా, పాకిస్తాన్ పట్టవు, తన ఊరు టోబా టేక్ సింగ్ ఎటు పోయిందని కనబడ్డవాళ్లనల్లా అడుగుతుంటాడు. జనం అతన్ని పిలిచేదీ ఆ ఊరి పేరుతోనే. చివరికి రెండు కంచెల మధ్య ఎవరిదీ కాని నేల మీద పడిపోతాడు. మన ఇంటిపేర్లూ చాలావరకు ఊరి పేర్లే కదా. ఊరు నీళ్లలో, పేరు ఆధార్ కార్డు మీద. దీన్ని పట్టుకున్న తెలుగు నవల నాకైతే ఇంకా తగల్లేదు.

లింగంపల్లి_లోకల్:
నేనొప్పుకోను. పోరాటం పక్కనపెట్టి ముగ్గు ఒక్కటే పట్టుకుంటే అది పాత జ్ఞాపకాల వ్యాసమే. గొడవంతా రచయిత ఎక్కడ నిలబడి చూస్తున్నాడన్న దగ్గరే. 2020 మే 1న మా లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు, లాక్‌డౌన్‌లో చిక్కుకున్న వలస కూలీలను ఊళ్లకు చేర్చే మొదటి శ్రామిక్ రైలు పోయింది, దాదాపు 1,200 మందితో. ఆ తర్వాత నేను చదివిన లాక్‌డౌన్ కథలన్నీ బాల్కనీ కథలే: కూలీ నడుస్తాడు, రచయితకు కళ్లు చెమరుస్తాయి, అయిపోయింది. మా పక్క సైట్‌లో తాపీమేస్త్రీ ఒకాయన ఊరెళ్తూ పెంచుకున్న కోడిని మా వాచ్‌మన్ చేతిలో పెట్టి, "గుడ్లు నువ్వు తిను, దీన్ని మాత్రం కొయ్యకు, మళ్లీ వస్తా" అన్నాడు. అది ఒక్కరూ రాయలేదు.

వనస్థలిపురం_పాఠకుడు:
కోడి ఏమైందన్నా?

లింగంపల్లి_లోకల్:
ఆయన నవంబర్‌లో వచ్చాడు. అప్పటికి వాచ్‌మన్ మారిపోయాడు, కొత్తాయనకు కోడి సంగతే తెలీదు.