పావు అంగుళం కాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు) రైఫిల్‌కు ఏ కార్ట్రిడ్జ్ (ఇత్తడి కేస్‌ల మందు, దాని మూతికి తూటా) తీసుకోవాలె?

దేవరకొండ నుంచి: అన్నలూ, మా బావ టెక్సాస్‌ల ఉంటడు. అక్కడ జింకల వేటకు పర్మిట్ ఉంది, రైఫిల్ కొత్తగ చేయించుకుంటుండు. .257 రాబర్ట్సా, .25-06 రెమింగ్టనా, .25 క్రీడ్‌మోరా? దూరం 300 గజాల లోపే.

మిర్యాలగూడ నుంచి: ముందుగాల యాక్షన్ (కార్ట్రిడ్జ్‌ను గొట్టంలకు ఎక్కించి పేల్చే భాగం) తేల్చుకోమను తమ్మీ. .25-06 అంటే .30-06 కేస్‌కు మూతి సన్నగ చేసిందే, లాంగ్ యాక్షన్ కావాలె. బ్యారెల్ (గొట్టం) 24 అంగుళాలకు తగ్గొద్దు. పొట్టిగ కోస్తే వేగం పడిపోతది, చప్పుడూ మంటా పెరుగుతయి. 117 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) తూటాతోని 200 గజాలకు జీరో చేస్తే, అంటే గురి పెట్టిన కాడనే తగిలేటట్టు కుదిరిస్తే, 300 కాడ సుమారు 7 అంగుళాలే దిగుతది. నా ఓటు దీనికే.

వనపర్తి నుంచి: అసలు చిక్కు ట్విస్ట్ (తూటాను తిప్పేటందుకు గొట్టం లోపల ఉండే మెలిక) కాడ ఉంది. 10 అంగుళాలకు ఒక చుట్టు ఉంటే 120 గ్రెయిన్ల దాకా సరిపోతది. 130 దాటిన పొడుగు తూటాలకు 7.5 లేదా 8 అంగుళాలకే ఒక చుట్టు కావాలె. లేకుంటే తూటా గాల్లనే తడబడి గురి కాయితానికి అడ్డంగ తగుల్తది. తర్వాత దిద్దుడు ఉండదు, బ్యారెలే మార్చాలె. ఆ బరువు తూటాలే కొట్టాలంటే క్రీడ్‌మోర్, అది షార్ట్ యాక్షన్‌ల పడుతది. రాబర్ట్స్ తన్నుడు తక్కువ, మంచిదే. కానీ పాత రైఫిళ్ల కోసమని కంపెనీ కార్ట్రిడ్జ్‌లు ఎక్కువగ తక్కువ ప్రెషర్ మీదనే నింపుతరు, సొంతంగ రీలోడ్ చేసెటోళ్లకు దాని పూర్తి బలం దొరుకుతది.

దేవరకొండ నుంచి: 300 లోపే కాబట్టి .25-06, ట్విస్ట్ 10 అని చెప్త.