ప్రార్థన విన్నపం ఎక్కడ చాడీగా మారుతుంది? యువత పాఠానికి సలహా కావాలి

హైదరాబాద్‌లో మా సంఘం యువతకు ఆదివారం ఆరాధన తర్వాత చెప్పడానికి 40 నిమిషాల పాఠం సిద్ధం చేస్తున్నాం. అంశం నోటిని అదుపులో ఉంచుకోవడం. బైబిల్లో యాకోబు పత్రిక 3వ అధ్యాయం నాలుక గురించి చెప్పిన కళ్లెం, చుక్కాని, నిప్పు పోలికలు అందరికీ తెలిసినవే, వాటికి 5 నిమిషాలు చాలు.

బరువంతా, చెడ్డ మాట నోట రానివ్వొద్దనే ఎఫెసీయులకు 4:29 మీద పెట్టాం. మన బైబిల్లో అక్కడ ‘దుర్భాష’ అని ఉంది కాబట్టి బూతులు మానేస్తే సరిపోతుందనుకుంటారు. మూలంలోని గ్రీకు మాట ‘సప్రోస్’కు కుళ్లినది అని అర్థం. మత్తయి 13:48లో వలలోంచి తీసి పారేసే చేపలకూ అదే మాట. ఆ లెక్కన ఎంతో మర్యాదగా చెప్పిన చాడీ కూడా కుళ్లిన మాటే.

చిక్కల్లా వాట్సాప్ ప్రార్థన గ్రూపుతోనే. “ఫలానా అక్క ఇంట్లో గొడవలు, ప్రార్థించండి” అని పెడితే సామెతలు 11:13లో కొండెగాడు చేసినట్టు ఇతరుల గుట్టు బయటపెట్టినట్టే. అందుకే పంపే ముందు రెండు ప్రశ్నలు వేసుకోమంటున్నాం: ఆమె ఒప్పుకుందా? పేరు లేకుండా ప్రార్థించలేమా? ఎవరైనా తప్పు చేస్తే మత్తయి 18:15 ప్రకారం ముందు ఒంటరిగా కలిసి మాట్లాడాలి.

అయితే ఇంట్లో దెబ్బలు తింటున్న మనిషి విషయంలో ఈ నియమాలే ఆమె నోరు నొక్కే ప్రమాదం ఉంది. సామెతలు 31:8 మూగవారి పక్షాన నోరు తెరవమంటోంది. ఆ వచనం చాడీలకు సాకు కాకుండా, మౌనం అన్యాయానికి కాపలా కాకుండా, 16 నుంచి 20 ఏళ్ల పిల్లలకు ఈ గీత ఎలా గీసి చూపించాలి? మీరు వాడిన ఉదాహరణలు ఏమైనా ఉంటే దయచేసి చెప్పండి.