ఒక్క టీఎస్ బిట్టును సరిచేస్తే చాలా, సీఆర్0 లెక్క మొత్తం తిరగరాయాలా?

రాత్రిబిల్డు:
మేము నిర్వహించే కెర్నల్ పాతది. ఎఫ్‌పీయూ (ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలు చేసే భాగం) రిజిస్టర్లను అవసరం పడినప్పుడే లోడ్ చేసే లేజీ పద్ధతి అందులో ఇంకా ఉంది. అసలు యంత్రం మీద ఉన్నది ఎల్0, దానిపై నడుస్తూ తానూ వర్చువల్ యంత్రాలను నడిపే హైపర్‌వైజర్ ఎల్1, దాని లోపలి గెస్టు, అంటే వర్చువల్ యంత్రం, ఎల్2 అనుకుందాం. ప్రాసెసరు నియంత్రణ రిజిస్టరు సీఆర్0లో టీఎస్ బిట్టు 1గా ఉంటే ఎఫ్‌పీయూ వాడకం ఆగుతుంది. ఎల్2 సీఎల్‌టీఎస్ ఇన్‌స్ట్రక్షన్‌తో ఆ బిట్టును తుడిచేస్తుంది. కాసేపటికి ఏదో ఇంటరప్ట్ వచ్చి నియంత్రణ ఎల్1కు వెళ్తుంది. ఎల్2 మళ్లీ మొదలయ్యేసరికి టీఎస్ తిరిగి 1 అయి కూర్చుంటుంది. తరువాతి ఫ్లోటింగ్ పాయింట్ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర, ఎఫ్‌పీయూ అందుబాటులో లేదని చెప్పే ఎన్ఎం ఎక్సెప్షన్ వస్తుంది. తాను తుడిచిన బిట్టు ఎలా తిరిగొచ్చిందో ఎల్2కు తెలిసే దారి లేదు.

మూడు రోజులు వెతికితే కారణం దొరికింది. ఎల్2 నుంచి ఎల్1కు బయటపడేటప్పుడు వీఎంసీఎస్02 (ఎల్2ను నడపడానికి ఎల్0 వాడే నియంత్రణ పట్టిక)లోని గెస్ట్ సీఆర్0ను ఉన్నదున్నట్టు వీఎంసీఎస్12 (ఎల్2 కోసం ఎల్1 రాసుకున్న పట్టిక)లోకి నకలు చేస్తున్నాం. ఆ రిజిస్టరులో ఉన్న టీఎస్ ఎల్0 తన అవసరానికి పెట్టుకున్నది. ఎల్2 తుడిచిన సంగతి రీడ్ షాడోలో, అంటే పట్టుకున్న బిట్లను ఎల్2 చదివితే దానికి చూపే విలువల్లో, మాత్రమే ఉంది.

టీఎస్ ఒక్కదాన్ని రీడ్ షాడో నుంచి తీసుకునేలా రెండు వరుసల ప్యాచ్ రాశాను. పరీక్షల్లో నెగ్గింది. సహోద్యోగి మాత్రం సీఆర్0 లెక్కనే మళ్లీ రాయాలంటున్నారు. మీరేమంటారు?

మూడోగడి:
మీ సహోద్యోగి మాటే సరైనది. ఆ ప్యాచ్ ఒక తప్పును తీసి, అంతకంటే ప్రమాదకరమైన తప్పును పెడుతుంది.

ప్రతి బిట్టు విషయంలోనూ అడగవలసింది, అది ఎవరి చేతిలో ఉంది, అంటే ఎల్2 దాన్ని మార్చబోతే ఎవరు పట్టుకుని అడ్డుకుంటారు అని. ఎల్0, ఎల్1 ఇద్దరూ పట్టుకోని బిట్టు నేరుగా ఎల్2దే, దాని నిజమైన విలువ వీఎంసీఎస్02 గెస్ట్ సీఆర్0లో ఉంటుంది. ఎల్1 తన మాస్క్‌లో (తాను పట్టుకునే బిట్ల జాబితాలో) పెట్టుకున్న బిట్టును ఎల్2 తనంతట తాను మార్చలేదు, కనుక వీఎంసీఎస్12లో అప్పటికే ఉన్న విలువను ముట్టుకోకూడదు. ఎల్1 వదిలేసి ఎల్0 మాత్రమే పట్టుకున్న బిట్టుకే రీడ్ షాడో ప్రమాణం. మీరు చూసిన తప్పు ఈ మూడో రకం. మీ ప్యాచ్ దాన్ని రెండో రకానికి కూడా అంటగడుతోంది.

ఎల్1 కూడా లేజీ పద్ధతి వాడుతోందనుకోండి. అది వీఎంసీఎస్12లో గెస్ట్ టీఎస్‌ను 1గా, షాడో టీఎస్‌ను 0గా ఉంచుతుంది. ఎల్2 ఎఫ్‌పీయూ జోలికి వెళ్లగానే ఎన్ఎం తనకు రావాలన్నది దాని ఉద్దేశం. మీరు బయటపడేటప్పుడు షాడోలోని 0ను గెస్ట్ సీఆర్0లోకి ఎక్కిస్తారు. తరువాత ఎల్2 ఎఫ్‌పీయూను వాడినా ఎన్ఎం రాదు. అప్పుడు రిజిస్టర్లలో ఉన్నది ఎవరి డేటా? ఎల్1 కింద నడిచే వేరొక గెస్టుది కావచ్చు. ఎక్సెప్షన్ వస్తే ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు. డేటా చప్పుడు లేకుండా జారిపోతే చెప్పేవారే ఉండరు.

పాతకాపు:
ఈ దారిలో ఎన్నో ఏళ్లుగా ప్యాచ్‌లు సమీక్షిస్తున్నాను. తిరగరాయడం అన్న మాట వినగానే నాకు భయం వేస్తుంది, అది అనుభవం నేర్పిన భయం. విడుదలైన కెర్నళ్లకు దిద్దుబాట్లు చేర్చే లైనక్స్ స్టేబుల్ శాఖల నియమం చూడండి: చుట్టూ ఉన్న వరుసలతో కలిపి ప్యాచ్ 100 వరుసలు దాటకూడదు. 2021 ఆగస్టులో లైనక్స్ హైపర్‌వైజర్ కేవీఎంలోని ఏఎండీ నెస్టెడ్ (గెస్టు లోపల గెస్టును నడిపే) దారిలో రెండు తీవ్రమైన లోపాలు, సీవీఈ-2021-3653, సీవీఈ-2021-3656, బయటపడ్డాయి. ఎల్2 నుంచి హోస్టు జ్ఞాపకాన్ని తాకగల లోపాలవి. రెండింటినీ కొద్ది వరుసలతోనే మూసేశారు. ఎవరూ మొత్తం కోడును విప్పి పరచలేదు.

మూడోగడి గారి మూడు రకాల లెక్క సరైనదే. కానీ దాన్ని మరో నియంత్రణ రిజిస్టరు సీఆర్4కు, తరువాత డీబగ్ రిజిస్టర్లకు, ఆపైన ఎమ్మెస్సార్లకు (ప్రాసెసరు మోడల్‌ను బట్టి ఉండే రిజిస్టర్లకు) విస్తరింపజేస్తారు. అప్పుడు పాత శాఖలో దాన్ని పరీక్షించేది ఎవరు?

మూడోగడి:
పాతకాపు గారూ, మీ ఉదాహరణలు నా వాదననే బలపరుస్తున్నాయి. 3656ను గుర్తు చేసుకోండి. వీఎంలోడ్, వీఎంసేవ్ ఇన్‌స్ట్రక్షన్లు ఎఫ్ఎస్, జీఎస్, ఎల్‌స్టార్, సిస్‌ఎంటర్ వంటి రిజిస్టర్ల స్థితిని జ్ఞాపకంలోకీ అక్కడి నుంచి వెనక్కీ మోస్తాయి. వాటిని ఇంటర్సెప్ట్ చేయనక్కరలేదని, అంటే మధ్యలో అడ్డుకోనక్కరలేదని, ఎల్1 అంటే ఎల్0 కూడా సరేనంది. ఆ చిరునామాలను హార్డ్‌వేరు నేరుగా హోస్టు భౌతిక చిరునామాలుగా తీసుకుంది. ఎల్1 ఏమి కోరినా, ఆ ఇన్‌స్ట్రక్షన్లను హార్డ్‌వేరే సురక్షితంగా నడిపించే ఏర్పాటు లేనప్పుడు ఎల్0 తప్పనిసరిగా ఇంటర్సెప్ట్ చేయాలన్నది దిద్దుబాటు. అది చిన్నదే, కానీ నియమం పూర్తిగా ఉంది. రాత్రిబిల్డు గారి రెండు వరుసల్లో ఎల్1 మాస్క్ అన్న షరతే లేదు. నా అభ్యంతరం దానిమీదే తప్ప వరుసల సంఖ్య మీద కాదు.

వేరుతోసహా:
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. ఎల్0 టీఎస్‌ను పట్టుకోవలసిన అవసరమే లేకుండా చేయవచ్చు కదా? 2018 జూన్‌లో వెల్లడైన సీవీఈ-2018-3665 లేజీ ఎఫ్‌పీయూ మీదనే. ఇంటెల్ ప్రాసెసర్లలో ఊహాత్మక అమలు (ప్రాసెసరు ముందుగానే ఊహించి ఇన్‌స్ట్రక్షన్లు నడపడం) ద్వారా వేరొకరి ఎఫ్‌పీయూ రిజిస్టర్లను చదవగలిగారు. అటువంటి పద్ధతిని ఇంకా మోస్తూ దానివల్ల వచ్చిన బిట్టు లెక్కను దిద్దుకుంటూ కూర్చోవడం నాకు బాధగా ఉంది. తీసేయండి, టీఎస్ సమస్యే ఉండదు.

మూడోగడి:
తీసేయాలి, సందేహం లేదు. కానీ సీఆర్4 మిగులుతుంది. యూజర్ ప్రోగ్రాములు కొన్ని వ్యవస్థ ఇన్‌స్ట్రక్షన్లు వాడకుండా ఆపే రక్షణ యూఎంఐపీ, దాని బిట్టు సీఆర్4లో ఉంటుంది. అది లేని ప్రాసెసరు మీద ఎల్0 దాన్ని అనుకరిస్తే అసలు రిజిస్టరులో 0, షాడోలో 1 ఉంటాయి. నేరుగా నకలు చేస్తే ఎల్2 పెట్టుకున్న రక్షణ మాయమవుతుంది. ఇంకొక మాట, ఈ ఫంక్షన్‌ను ఇంటెల్, ఏఎండీ ఉమ్మడి ఫైలులో పెట్టకండి. ఏఎండీ వైపు బిట్టు వారీ మాస్కూ లేదు, రీడ్ షాడో కూడా లేదు.

రాత్రిబిల్డు:
నిన్న ఎల్1లో కూడా లేజీ పద్ధతి ఉన్న కెర్నల్ పెట్టి, అందులో రెండు ఎల్2 గెస్టులను నడిపాను. ఎఫ్‌పీయూ స్థితిలో భాగమైన ఎక్స్ఎంఎం రిజిస్టర్లలో ఒక గెస్టు నింపిన విలువలు రెండో దానిలో కనిపించాయి. నా ప్యాచ్ తీసేస్తే కనిపించలేదు. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. నా పరీక్షల్లో ఎల్1 ఎప్పుడూ లేజీ పద్ధతి లేని కొత్త కెర్నలే. అందుకే నెగ్గింది.

మూడు రకాల లెక్కను ఒకే ఫంక్షన్‌గా రాశాను, వ్యాఖ్యలతో కలిపి నలభై వరుసల లోపే. ఎల్0 పట్టుకున్నా వదిలేసినా, ఎల్1 పట్టుకున్నా వదిలేసినా, ఈ నాలుగు కలయికల్లోనూ టీఎస్‌ను 0తో, 1తో పరీక్షిస్తున్నాను. లేజీ ఎఫ్‌పీయూ తొలగింపు వేరే ప్యాచ్‌లుగా వస్తుంది.

పాతకాపు:
ఆ పరీక్ష చూశాక రెండు వరుసల పక్షాన నిలబడలేను. సీఆర్0 ఫంక్షన్‌కు నా సమ్మతి ఉంది. సీఆర్4ను మాత్రం అదే ప్యాచ్‌లో కలపవద్దు. యూఎంఐపీ తప్పును చూపించే పరీక్ష ముందు పంపండి, అది విఫలమవడం నా కళ్లతో చూశాక దిద్దుబాటు చదువుతాను.

మూడోగడి:
పరీక్ష నేను రాస్తాను. కానీ ఒకే నకలు తప్పు రెండు రిజిస్టర్లలో ఉందని తెలిసీ ఒకదాన్నే దిద్దిన శాఖను విడుదల చేయడానికి నేను ఒప్పుకోను. రెండు ప్యాచ్‌లుగా ఉండనివ్వండి, విడుదల మాత్రం ఒక్కటే కావాలి.