హుకౌ: పట్నం కట్టినవాడి పిల్లలకు పట్నంలో బడి ఉండాలా, వద్దా?

ఊరూవాడా: చైనాలో 1958 నుంచి ప్రతి కుటుంబానికీ హుకౌ అనే నమోదు ఉంది. బడి, పింఛను లాంటివి ప్రధానంగా నమోదైన ఊళ్లోనే. 2020 జనగణన నాటికి ఆ ఊరు వదిలి బతుకుతున్నవాళ్లు 37.6 కోట్లు. ఇది అన్యాయమా, ముందుచూపా?

వైజాగ్_అల: ముందుచూపే. బీజింగ్‌లో ధారావి లాంటి మురికివాడ ఉందా?

గ్వాంగ్‌జౌ_డాక్టర్: అక్కడ ఎంబీబీఎస్ చదివానండీ. పట్నం మింగేసిన పల్లెల్లో కూలీల ఇళ్లు కిటికీలోంచి చెయ్యి చాపితే పక్కింటికి తగిలేంత ఇరుకు. ఇక బీజింగ్ అంటారా, 2017 నవంబరులో దాషింగ్‌లో మంటల్లో 19 మంది పోయాక, భద్రత పేరుతో వలసవాళ్ల గదులు ఎముకలు కొరికే చలిలో ఖాళీ చేయించారు. మా మెస్‌లో వంటావిడది హునాన్ అనే వేరే రాష్ట్రం. కొడుకును కొత్త సంవత్సరానికే చూసేది.

వైజాగ్_అల: పాత కథలు. హుకౌ 2014లోనే రద్దయింది.

గ్వాంగ్‌జౌ_డాక్టర్: తీసేస్తామన్నది పల్లె, పట్నం అనే ముద్ర. ఏ ఊరివాడివన్న నమోదు అలాగే ఉంది. బీజింగ్‌లో వలసవాడికి హుకౌ కావాలంటే పాయింట్లు కూడబెట్టుకోవాలి.

వైజాగ్_అల: రద్దంటే రద్దే.

చూసిపోదామని: మరమరాలు తెచ్చుకున్నా. కానివ్వండి.

బెంగళూరు_నాన్న: చైనాదాకా ఎందుకు? మా అమ్మాయి తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఇక్కడ చదివిందని ఇంజినీరింగ్ సీటు దగ్గర నాన్‌లోకల్ అన్నారు. మాది ఒంగోలు!

వైజాగ్_అల: అది రాజ్యాంగంలోని 371డి, స్థానికుల కోటా సార్. వేరే చర్చ పెట్టుకోండి.

పాలమూరోడు: మా నాయన రెండెకరాలు అమ్మి బొంబాయి మట్టిపనికి పోయిండు. ఏ చట్టం ఆపలే. అయినా నేను అవ్వ కాడనే పెరిగిన. పని బందైనంక తిరిగొస్తే గుంట భూమి లేకపాయె. 2008 మాంద్యంల చైనాల రెండు కోట్ల మంది పని పోగొట్టుకొని ఊర్లకు మర్లిన్రట. వాళ్లకు మర్లనీకె పొలమన్న ఉండె.

వైజాగ్_అల: చూశారా! అనుభవించినవాడే చెబుతున్నాడు.

గ్వాంగ్‌జౌ_డాక్టర్: పొలం ఉంటే పిల్లాడికి అమ్మ అక్కర్లేదా? పట్నం హుకౌ ఇవ్వడానికి ఊళ్లో పొలం మీది కౌలు హక్కు వదులుకోవాలని షరతు పెట్టకూడదని వాళ్ల భూమి చట్టాన్ని 2018లో సవరించారు. రెండూ ఇవ్వొచ్చు.

వైజాగ్_అల: ఇవ్వొచ్చు, ఇవ్వొచ్చు! ఖర్చెవడిస్తాడు?

గ్వాంగ్‌జౌ_డాక్టర్: రద్దయిపోయిందన్నారుగా? రద్దయినదానికి ఇంక ఖర్చేమిటి?

వైజాగ్_అల: వెటకారాలు వద్దు. మూడు తరాలుగా ఇక్కడే ఉన్నాం. మా వీధి బడిలో మనవడికి సీటు లేదన్నారు. నిండా బయటినుంచి వచ్చినవాళ్ల పిల్లలే. నాకు కోపం రాకూడదా?

పాలమూరోడు: రావాలె సార్. నేను చట్టం మంచిదనలే, పొలం మంచిదన్న. ఇంకో బడి కట్టుమని అడుగుండ్రి. కట్టనీకె మావోళ్లే వస్తరు.

చూసిపోదామని: మరమరాలు అయిపోయాయి.

బెంగళూరు_నాన్న: ఇంతకీ మా అమ్మాయి సంగతి?