ఇంప్లాంట్‌లో 3వ రోజే గట్టి సిగ్నల్, 10వ రోజుకి సగం: ఇవి రక్తనాళాలేనా?

ఫైబ్రిన్_జెల్: చిట్టెలుకల వీపు చర్మం కింద ఫైబ్రిన్ (రక్తపు గడ్డలో ఉండే ప్రొటీన్) నింపిన పీసీఎల్ స్కాఫోల్డ్ (ఒంట్లో నెమ్మదిగా కరిగే ప్లాస్టిక్‌తో చేసిన చట్రం) పెట్టాం. 5 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. మందం. ఫోటోఅకూస్టిక్‌లో (లేజర్ కాంతిని పీల్చుకున్న కణజాలం నుంచి వచ్చే శబ్దంతో బొమ్మ తీసే పద్ధతి) 800 నానోమీటర్ల దగ్గర 3వ రోజే మధ్యదాకా సిగ్నల్ కనిపించింది, 10వ రోజుకి సగమైంది. నాళాలు పుట్టి చచ్చిపోయాయనుకోవాలా? జంతువుని చంపకుండా తేల్చే దారి ఉందా?

లేజర్_బెంచ్: కొత్త నాళాలు అంచుల నుంచి లోపలికి పాకాలండీ, 3 రోజుల్లో మధ్యదాకా రావడం కష్టం. చాలావరకు అది సర్జరీలో కారిన రక్తమే అయ్యుంటుంది. హీమోగ్లోబిన్ నాళంలో ఉన్నా, గడ్డకట్టి బయట ఉన్నా కాంతిని పీల్చుకుంటుంది. పైగా 800 దగ్గర ఆక్సిజన్ ఉన్న రక్తమూ లేని రక్తమూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. 750, 850 రెండింట్లోనూ తీయండి. మత్తుమందు ఐసోఫ్లూరేన్‌ని మొదట మామూలు గాలితో, తర్వాత 100% ఆక్సిజన్‌తో ఇచ్చి, కొన్ని నిమిషాలాగి మళ్లీ స్కాన్ చేయండి. పారే రక్తమైతే ఆక్సిజన్ శాతం పెరుగుతుంది, గడ్డలో పెరగదు.

బుడగల_డాప్లర్: ఆ శాతాన్ని అంకెగా మాత్రం నమ్మొద్దు. లోతుకి పోయేకొద్దీ రెండు తరంగదైర్ఘ్యాలూ ఒకేలా తగ్గవు. పాత గడ్డలో మెథీమోగ్లోబిన్ (ఆక్సిజన్‌ని మోయలేని రూపంలోకి మారిన హీమోగ్లోబిన్) చేరితే లెక్క ఇంకా చెడుతుంది. గాలికీ ఆక్సిజన్‌కీ మధ్య తేడా ఒక్కటే చూడండి. ప్రవాహం కావాలంటే కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్ మేలు. అందులో వాడే మైక్రోబబుల్స్ (అతి చిన్న గ్యాస్ బుడగలు) నాళం దాటి బయటికి రావు. తోక సిరలోకి నెమ్మదిగా ఎక్కించండి. సూది మరీ సన్నగా ఉన్నా, గట్టిగా నొక్కినా బుడగలు పగులుతాయి. గట్టి అల్ట్రాసౌండ్ పల్స్‌తో పగలగొట్టి, మళ్లీ నిండుతున్నాయా చూడండి. మామూలు డాప్లర్‌తో (రక్తం కదలికను పట్టే అల్ట్రాసౌండ్) పని కాదు: కేశనాళికల్లో వేగం సెకనుకి 1 మి.మీ. లోపే, అది ఊపిరి కదలికలో కలిసిపోతుంది.

ప్రోబ్‌ని చర్మానికి ఒత్తారో, పైనాళాలు మూసుకుని సిగ్నల్ పోతుంది. మధ్యలో మందంగా జెల్ వేయండి, అందులో గాలి బుడగలుంటే సెంట్రిఫ్యూజ్‌లో తీసేయండి.

హిస్టో_స్లైడ్: బ్లాక్ 6 (నల్ల బొచ్చు రకం) చిట్టెలుకలా? వెంట్రుకలు పెరిగే దశలో చర్మం మచ్చలుమచ్చలుగా నల్లబడుతుంది, ఆ మెలనిన్ కింది సిగ్నల్‌ని మింగేస్తుంది. వీలైతే న్యూడ్ (బొచ్చు లేనివి) లేదా బాల్బ్/సీ (తెల్లవి) వాడండి. ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర నిలపాలి. చల్లబడితే చర్మనాళాలు ముడుచుకుంటాయి, అదీ తగ్గుదలలాగే కనిపిస్తుంది. అసలు చంపకుండా కుదరదండీ, ప్రతి దశలో కొన్నిటినైనా కోసి సరిచూడాలి. సీడీ31 (నాళాల లోపలి పొర కణాలను చూపే రంగు) ఒక్కటే చాలదు, రక్తం పారని నాళాన్నీ అది చూపిస్తుంది. చంపే ముందు సిరలోకి ఫ్లోరసెంట్ లెక్టిన్ (నాళం లోగోడకు అంటుకుని మెరిసే ప్రొటీన్) ఎక్కించండి. రెండు రంగులూ పడిన నాళాలనే లెక్కపెట్టండి.